చోటుకు సాక్షి ఎవరు?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు తరంగాల పాఠం చెప్పారు. పొగడ్తలంటే ఆయనకు గిట్టేది కాదు కాబట్టి ఒక్క అలవాటు మాత్రం చెప్పి ఊరుకుంటాను. ల్యాబులో ఎవరైనా రికార్డు పుస్తకం తెచ్చి అంకె చూపిస్తే, అది తప్పో ఒప్పో చూడకముందే "ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు?" అనేవారు. పక్కవాడి పుస్తకంలోంచి దింపుకున్న అంకెలు ఆ ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలేవి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే విషయానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

విషయం ఇది. వైర్‌లెస్ నెట్‌వర్కులో ఉన్న ఒక పరికరం, అది ఫోను కావచ్చు, కారు తాళం కావచ్చు, బ్యాంకు కార్డు కావచ్చు, "నేనిక్కడున్నాను" అంటుంది. ఆ మాట నమ్మి మనం ఏదో ఒక పని చేస్తాం. తలుపు తీస్తాం, హాజరు వేస్తాం, డబ్బు చెల్లిస్తాం. మాట అబద్ధమైతే? పరికరం యజమానే అబద్ధం చెప్పించాలని చూస్తే? నాకు నా చోటు తెలియడమనే సమస్యను ఇంజనీర్లు ఎప్పుడో తీర్చేశారు. నా చోటును ఇంకొకరికి రుజువు చేయడం వేరే సమస్య. మొదటి దాంట్లో ఫోను నా తరఫున పనిచేస్తుంది. రెండో దాంట్లో, అడుగుతున్నవాడి వైపు నుంచి చూస్తే, ఫోను ప్రతిపక్షం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన దేశంలో చాలా వ్యవస్థలు ఇసుక మీద కట్టినట్టు తయారయ్యాయి.

జీపీఎస్ సంగతి చూద్దాం. ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ గడియారాల్లోని సమయాన్ని చాటుతుంటాయి. ఫోను వింటుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంతెంత తేడాతో వచ్చాయో చూసుకుని తన అక్షాంశ రేఖాంశాలను తనే లెక్కగట్టుకుంటుంది. ఫలానా ఫోను ఫలానా వీధిలో ఉందని ఏ ఉపగ్రహానికీ తెలియదు. అందువల్ల సర్వరుకు చేరే ఆ రెండు సంఖ్యలు సర్వరు దృష్టిలో వాంగ్మూలం మాత్రమే. వాటిని మార్చడానికి పెద్ద తెలివితేటలు కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో డెవలపర్ ఆప్షన్స్ లోపలికి వెళ్తే నకిలీ లొకేషన్ అందించే యాప్‌ను ఎంచుకునే వీలుంది. అదేమీ దొంగదారి కాదు. యాప్‌లు రాసేవాళ్ళు ఊళ్ళు తిరక్కుండా తమ యాప్‌ను పరీక్షించుకోవడానికి పెట్టిన సదుపాయం.

ఇలాంటి వాంగ్మూలాన్నే నమ్మి ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా మొబైల్ హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, లొకేషన్ ముద్రతో పైకి పంపాలన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసి, ఈ ఏర్పాటు ఎలా దారి తప్పుతోందో వివరించింది. పనికి సంబంధంలేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకు ఫొటో తీస్తున్నారు, ఒకే ఫొటోను వేర్వేరు మస్టర్లకు వాడుతున్నారు. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కెమెరా, జీపీఎస్, యాప్ మూడూ ఒకరి చేతిలోని ఒకే ఫోనులో ఉన్నాయి. సాక్షిని నిందితుడి జేబులోనే కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పమంటే అది ఏం చెబుతుంది? ఇటువైపు నిజంగా గడ్డపార పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషికి సిగ్నల్ లేక ఫొటో పైకి వెళ్ళకపోతే హాజరు పడదు. మోసగాణ్ణి వదిలి నిజాయితీపరుణ్ణి పట్టుకునే తనిఖీ అంటే ఇదే.

ఫోను లోపల అబద్ధం ఒక రకం. ఆకాశానికీ ఫోనుకూ మధ్య అబద్ధం ఇంకో రకం. జీపీఎస్ సంకేతం మనదాకా వచ్చేసరికి ఎంతగా నీరసించి ఉంటుందంటే, దగ్గర్నుంచి అదే రూపంలో కొంచెం గట్టిగా పలికే యంత్రం ఉంటే రిసీవరు దాని వెంటే పోతుంది. పౌరులకు ఉద్దేశించిన సంకేతానికి రహస్య ముద్ర ఉండదు, దాని నిర్మాణం అందరికీ తెలిసిన బహిరంగ పత్రం. 2013లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం మధ్యధరా సముద్రంలో, యజమాని అనుమతితోనే, వైట్ రోజ్ ఆఫ్ డ్రాక్స్ అనే 65 మీటర్ల విలాస నౌకను ఇలా పక్కదారి పట్టించింది. ఓడ దారి తప్పిందని తెర మీద కనిపిస్తే సిబ్బంది చుక్కాని సవరించారు. నిజానికి అంతవరకూ ఓడ సరైన దారిలోనే ఉంది, సవరించాకే దారి తప్పింది. ఒక్క అలారం కూడా మోగలేదు.

ఇది సముద్రాలకే పరిమితమైన ముచ్చట కాదు. ఢిల్లీ విమానాశ్రయం సమీపంలో జీపీఎస్ ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలకు ఇలాంటి నకిలీ సంకేతాలు ఎదురయ్యాయని 2025 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం వారే, కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు తెలిపారు. హైదరాబాద్ సహా మరికొన్ని విమానాశ్రయాల నుంచీ ఉపగ్రహ సంకేతాల్లో అంతరాయాలపై ఫిర్యాదులు వచ్చాయన్నారు. నేల మీద పాతిన పాత పరికరాల సాయంతో దిగే రన్‌వేలకు ఆ ఇబ్బంది రాలేదు. పాతవాటిని ఎందుకు ఉంచాలని అడిగే లెక్కల వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

యూరప్ వారి గెలీలియో వ్యవస్థ తన సందేశాలకు డిజిటల్ ముద్ర వేసే సేవను 2025లో అధికారికంగా మొదలుపెట్టింది. మేలైన పని. కానీ ఆ ముద్ర కాపాడేది ఫోనును. సంకేతం నిజమైనదేనని ఫోనుకు నమ్మకం కలుగుతుంది. ఫోను మనతో నిజం చెబుతోందన్న నమ్మకం మనకు దానివల్ల రాదు. ఆకాశం ఎంత సత్యసంధమైనా మధ్యవర్తి నోరు మధ్యవర్తిదే.

కాబట్టి పరికరాన్ని అడగడం మాని, మనమే కొలవాలి. దేనితో?

మొదట తట్టేది సంకేతం బలం. దగ్గరగా ఉంటే గట్టిగా వినిపిస్తుంది, దూరంగా ఉంటే సన్నగా. వైఫై, బ్లూటూత్ ఆధారంగా దూరాన్ని అంచనా వేసే చౌక పద్ధతులన్నీ దీనిమీదే నడుస్తాయి. కానీ దూరంగా ఉన్నవాడు పెద్ద యాంటెన్నా పెట్టుకుంటే పక్కనే ఉన్నట్టు వినిపిస్తాడు. చుట్టుపక్కల వైఫై పెట్టెల పేర్లను బట్టి చోటు తేల్చే పద్ధతి ఇంకా బలహీనం. 2009లోనే జ్యూరిచ్ పరిశోధకులు వేరే ప్రాంతపు పెట్టెల గుర్తింపు సంఖ్యలను గాలిలోకి వదిలి, ఫోనును అది లేని చోట ఉందనుకునేలా చేసి చూపారు. బలాన్ని పెంచవచ్చు, దిక్కును అద్దంలో ముఖంలా తిప్పవచ్చు, పేరును అరువు తెచ్చుకోవచ్చు. ఎవరూ తారుమారు చేయలేనిది ఒక్కటే మిగిలింది. కాంతి వేగం.

రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. దానికన్నా వేగంగా ఏ సందేశమూ పోదు. ఈ ఒక్క నియమాన్ని పట్టుకుని 1993లో స్టెఫాన్ బ్రాండ్స్, డేవిడ్ చామ్ ఒక పద్ధతి రాశారు. దాన్ని డిస్టెన్స్ బౌండింగ్ అంటారు, అంటే దూరానికి హద్దు కట్టడం. చామ్ పేరు డిజిటల్ నగదు చరిత్ర చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

పద్ధతి ఇలా సాగుతుంది. అడిగే యంత్రం ఒకే ఒక్క బిట్టు పంపుతుంది. సున్నానో ఒకటో, ముందుగా ఎవరికీ తెలియని విధంగా ఎంచుకున్నది. బదులిచ్చే యంత్రం దాన్ని తన దగ్గర రహస్యంగా సిద్ధం చేసుకున్న బిట్టుతో కలిపి తక్షణం తిప్పి పంపుతుంది. అడిగినవాడు పంపిన క్షణం నుంచి అందిన క్షణం దాకా తన గడియారంలో చూసుకుంటాడు. ఇలా చాలాసార్లు. ఆటంతా అయ్యాక బదులిచ్చిన యంత్రం తన బిట్లన్నిటికీ సంతకం పెట్టి పంపుతుంది. ఆ బిట్లేమిటో ఆట మొదలవకముందే ముద్రవేసి అప్పగించాలి కాబట్టి తర్వాత మార్చే వీల్లేదు. దూరంగా ఉన్నవాడు దగ్గర ఉన్నట్టు నటించాలంటే ప్రశ్న తన దగ్గరికి రాకముందే జవాబు పంపాలి. రాని ప్రశ్నకు జవాబంటే ఊహ. ఒక్కో విడతలో ఊహ ఫలించే అవకాశం సగం. 32 విడతలు పెడితే సుమారు 429 కోట్లలో ఒక వంతు.

ఇందులో గమనించవలసిన సంగతులు రెండున్నాయి. ఒకటి గడియారం. జీపీఎస్‌లో ఉపగ్రహాలన్నిటి గడియారాలూ ఒకే సమయం చూపాలి. అందుకే ఉపగ్రహాల్లో అణు గడియారాలు పెడతారు. మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహాల గడియారాలు మొరాయించి ఇస్రో ఎంత తలపట్టుకుందో, 2023 మే 29న శ్రీహరికోట నుంచి పంపిన ఎన్‌వీఎస్-01లో దేశీయ రుబిడియం గడియారం పెట్టడం ఎందుకంత వార్త అయిందో మీకు తెలుసు. బ్రాండ్స్, చామ్ పద్ధతిలో ఆ బాధ లేదు. కొలిచేవాడి గడియారం ఒక్కటే చాలు, ఎదుటివాడి గడియారాన్ని నమ్మాల్సిన పనే లేదు. మాస్టారి ప్రశ్నకు ఇక్కడ తిన్నని జవాబు దొరుకుతుంది. కొలిచింది నేను, నా గడియారంతో.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ కొలత ఒకవైపే నిలుస్తుంది. బదులిచ్చేవాడు కావాలని ఆలస్యం చేస్తే దూరంగా ఉన్నట్టు కనిపిస్తాడు, అతణ్ణి ఎవరూ ఆపలేరు. దగ్గరగా ఉన్నట్టు కనిపించడం మాత్రం కుదరదు. అంటే మనం రుజువు చేయగలిగింది "ఇతను పది మీటర్ల దూరంలో ఉన్నాడు" అన్న మాటను కాదు, "పది మీటర్లకు మించి లేడు" అన్న మాటను. ఈ విద్యలో గట్టిగా నిలిచే పునాది ఇదొక్కటే. తర్వాత ముప్పై ఏళ్ళలో జరిగిన పనంతా ఈ ఒంటికాలి సత్యం మీద ఇల్లు కట్టడానికి చేసిన ప్రయత్నం.

అసలు ఇంత తంటా ఎందుకు, మంచి రహస్య సంకేతాలుంటే చాలదా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. చాలదు. ఎందుకో చెప్పే కథ 1976లో వచ్చిన గణితవేత్త జాన్ కాన్వే పుస్తకంలో ఉంది. చదరంగం రాని పిల్ల ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లతో ఒకేసారి ఉత్తరాల ద్వారా ఆడుతుంది. మొదటివాడి ఎత్తును రెండోవాడికి, రెండోవాడి ఎత్తును మొదటివాడికి పంపుతూ కూర్చుంటుంది. ఒక ఆటన్నా గెలుస్తుంది, లేదా రెండూ సమం. అప్పట్లో అది వినోదం. 1986లో ఫియట్, షమీర్ ఒక గుర్తింపు పద్ధతిని కనిపెట్టారు. దాన్ని వాడేవాడు మాఫియా దుకాణానికి ఎన్నిసార్లు వెళ్ళినా వాళ్ళు అతని వేషం వేయలేరన్నది షమీర్ ధీమా. మరుసటి ఏడాదే ఈవో డెస్మెట్ ఆ మాటను సవాలుగా తీసుకున్నాడు. దుకాణదారు నీ కార్డు మాటలను అప్పటికప్పుడే ఇంకో ఊళ్ళో ఉన్న తన మనిషికి చేరవేస్తే? ఆ మనిషి అక్కడ నగల దుకాణంలో నీ పేరిట నిలబడతాడు. గణితంలో ఒక్క అక్షరం కూడా చెదరలేదు, అయినా మోసం జరిగిపోయింది. మాఫియా మోసమనే పేరు దానికి అలా స్థిరపడింది.

ఇక్కడున్న అధ్యాపకులకు ఈ మోసం కొత్త కాదు. వెనక బెంచీ నుంచి "ప్రజెంట్ సార్" అన్న గొంతు ఎవరిదో మనకెప్పుడూ తెలియదు కదా. తేడా ఏమిటంటే, ఇక్కడ గొంతు కూడా అసలు మనిషిదే, మనిషే మరో ఊళ్ళో ఉన్నాడు.

చాలాకాలం ఇది కాగితం మీదే ఉంది. 2007లో కేంబ్రిడ్జిలో సార్ డ్రైమర్, స్టీవెన్ మర్డోక్ బ్రిటన్ బ్యాంకుల చిప్ కార్డుల మీద దీన్ని నిజంగా చేసి చూపారు. 2011లో జ్యూరిచ్ ఈటీహెచ్ బృందం కార్ల మీద పడింది. తాళం జేబులో ఉంటే చాలు, చెయ్యి వేయగానే తలుపు తెరుచుకునే కార్లు అప్పటికే రోడ్ల మీద ఉన్నాయి. కారు తక్కువ పౌనఃపున్యంలో సన్నగా పిలుస్తుంది. ఆ పిలుపు ఒకటి రెండు మీటర్లకు మించి వినబడదు. తాళానికి వినబడిందంటే తాళం దగ్గరే ఉన్నట్టు. కారు దూరాన్ని కొలవదు, వినికిడిని బట్టి ఊహించుకుంటుంది. ఆ బృందం కారు పక్కన ఒక యాంటెన్నా, తాళం ఉన్న మనిషికి దగ్గర్లో ఇంకో యాంటెన్నా పెట్టి మధ్యన సంకేతాన్ని మోసింది. ఎనిమిది కంపెనీలకు చెందిన పది మోడళ్ళను పరీక్షిస్తే పదీ తెరుచుకున్నాయి. ఇంజన్ కూడా స్టార్టయింది. రాత్రి ఇంటి గుమ్మం దగ్గర పెట్టెతో ఒకడు, కారు దగ్గర పెట్టెతో ఇంకొకడు నిలబడి రెండు నిమిషాల్లో బండి తీసుకుపోయే దొంగల వీడియోలు తర్వాత యూరప్‌లో మామూలైపోయాయి. వాళ్ళెవరూ రహస్య సంకేతాన్ని ఛేదించలేదు. ఛేదించాల్సిన అవసరమే రాలేదు.

మరి 1993లోనే మందు దొరికితే 2011 దాకా కార్లకు ఎందుకు వేయలేదు? కాంతి మహా వేగం, మన చిప్పులు నెమ్మది. బదులివ్వడంలో ఒక మైక్రోసెకను ఆలస్యమైతే దూరంలో 150 మీటర్ల తేడా. మామూలు రహస్య గణన చేయడానికే చిన్న చిప్పుకు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. కొలత జరిగే ఆ క్షణంలో చేయగలిగింది ఒక బిట్టును ఇంకో బిట్టుతో కలపడం, లేదా ముందే రాసిపెట్టుకున్న జవాబు తీసి ఇవ్వడం. రెండో దారిని 2005లో కేంబ్రిడ్జి నుంచి హాంకే, కూన్ చూపారు. చవక ఆర్ఎఫ్ఐడీ బిళ్ళలకు సరిపోయే పద్ధతి. కార్డు దగ్గర రెండు వరసల జవాబులు సిద్ధంగా ఉంటాయి. సున్నా వస్తే మొదటి వరస నుంచి, ఒకటి వస్తే రెండో వరస నుంచి ఒక బిట్టు ఇస్తుంది. చివర్లో సంతకం అక్కర్లేదు. దాని మూల్యం ఎక్కడ పడిందో చూడండి. మధ్యలో దూరినవాడు కార్డును తనే ముందుగా అడిగి ఒక్కో స్థానంలో ఒక జవాబు సంపాదించుకుంటాడు. అసలు ప్రశ్న తన ప్రశ్నతో కలిస్తే జవాబు చేతిలో ఉన్నట్టే, కలవకపోతే ఊహ. మొత్తం మీద ఒక్కో విడతలో నెగ్గే అవకాశం నాలుగింట మూడు వంతులు. 32 విడతల తర్వాత మోసానికి మిగిలే అవకాశం 429 కోట్లలో ఒకటి నుంచి పదివేలలో ఒకటికి దిగజారుతుంది. విడతలు పెంచి సరిచేసుకోవచ్చు. చవకదనానికి ధర ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు.

కాంతి మరీ వేగమైతే ధ్వనిని వాడకూడదా అని 2003లో బర్కిలీలో నవీన్ శాస్త్రి, ఉమేష్ శంకర్, డేవిడ్ వాగ్నర్ ఆలోచించారు. ప్రశ్న రేడియోలో వెళ్తుంది, జవాబు మనకు వినబడని అల్ట్రాసౌండ్‌లో వస్తుంది. ధ్వని ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లే పోతుంది కాబట్టి చిప్పు నత్తనడక నడిచినా కొలత చెడదు. ముందుగా రహస్య తాళాలు పంచుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఈ పద్ధతి నాకిష్టం, చాలా సాదాగా ఉంటుంది. కానీ అది తేల్చేది ఈ ఆవరణలో ఎవరో ఒకరున్నారని మాత్రమే. దూరంగా ఉన్నవాడు రేడియోలో జవాబు పంపి, దగ్గరున్న తోడుదొంగ చేత శబ్దం చేయిస్తే కాంతి వేగంతో వచ్చిన జవాబు ధ్వని వేషం వేసుకుని లోపలికి వచ్చేస్తుంది.

ఇంతవరకూ ఒక కొలత, ఒక వృత్తం. వృత్తంలో ఎక్కడున్నాడో తెలియాలంటే? 2005లో చాప్‌కున్, హుబో అనే పరిశోధకులు చేసిన పని ఈ విద్య మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. ముగ్గురు కొలిచేవాళ్ళను త్రిభుజం మూడు మూలల్లో నిలబెట్టండి. పరికరం లోపల ఎక్కడో ఉంది. మూడు మూలల నుంచీ దూరానికి హద్దు కట్టండి. అబద్ధం చెప్పదలచుకున్న పరికరం తాను లేని ఇంకో బిందువును, త్రిభుజం లోపలే, చూపాలనుకుంటుంది. ఇప్పుడు కాగితం మీద గీసి చూసుకోండి. త్రిభుజం లోపల ఒక బిందువు నుంచి ఏ దిక్కుకు కదిలినా కనీసం ఒక మూలకు దగ్గరవుతాం. మూడింటికీ ఒకేసారి దూరం కావడం కుదరదు. దూరం కావడం అబద్ధమాడదగ్గ విషయం, దగ్గర కావడం ఆడలేనిది. అబద్ధం ఎటు పోయినా ఏదో ఒక మూల దగ్గర దొరికిపోతుంది. ఒక్కో కొలత ఒంటికాలి మీద ఉన్నా, మూడు కలిస్తే నిలబడ్డాయి. పదో తరగతి పిల్లలకు నచ్చజెప్పగలిగిన రేఖాగణితం. త్రిభుజం బయట మాత్రం ఈ హామీ లేదు. అందుకే కొలిచేవాళ్ళు స్థలం చుట్టూ ఉండాలి, ఒక పక్క కూడితే ఉపయోగం లేదు.

అయినా ఒక షరతు మిగిలింది, అబద్ధమాడేది ఒక్క యంత్రమే అయి ఉండాలి. ఒకే రహస్యాన్ని మూడు యంత్రాల్లో పెట్టి ఒక్కోదాన్ని ఒక్కో మూల దగ్గర నిలబెడితే? ప్రతి యంత్రం తన మూలకు నిజంగానే దగ్గరలో ఉంది, కావలసినంత ఆలస్యం చేస్తే ఏ బిందువునైనా చూపవచ్చు. దీన్ని తప్పించే గణితం ఏదైనా ఉందా? 2009లో నిశాంత్ చంద్రన్, విపుల్ గోయల్, రయాన్ మొరియార్టీ, రఫాయిల్ ఆస్ట్రోవ్‌స్కీ దీనికి చివరి మాట చెప్పారు. చంద్రన్ ఇప్పుడు బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయంలో ఉన్నారు. కొలిచేవాళ్ళు ఎంతమందైనా, పద్ధతి ఎంత చిక్కగా అల్లినా, తోడుదొంగలు తగిన చోట్ల నిలబడి విన్న ప్రతిదాన్నీ ఒకరికొకరు చేరవేసుకోగలిగితే చోటును రుజువు చేయడం అసాధ్యమని వారు నిరూపించారు. మోసగాళ్ళు ఒక పరిమితికి మించి సమాచారాన్ని దాచి అందించలేరని అనుకుంటే మాత్రం దారి ఉందని కూడా వారే చూపారు.

అప్పుడు భౌతిక శాస్త్రవేత్తలు ముందుకొచ్చారు. క్వాంటమ్ స్థితికి నకలు తీయలేం కదా, మరి మధ్యలో ఉన్నవాడు ఒక ప్రతి ఉంచుకుని ఒకటి పంపడం ఎలా కుదురుతుంది? ఆశ సహేతుకమే. కానీ 2011 నాటికి బుర్మాన్, చంద్రన్, మరికొందరు కలిసి ఆ ఆశ మీదా నీళ్ళు చల్లారు. తోడుదొంగల దగ్గర ముందే పంచుకున్న క్వాంటమ్ చిక్కుముడి కావలసినంత ఉంటే అదీ ఓడిపోతుంది. ఎంత కావాలి, అంత సంపాదించడం ఆచరణలో సాధ్యమేనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. పరిశోధన చేయాలనుకునే మీలో ఎవరికైనా ఇది మంచి పొలం.

సిద్ధాంతం వదిలి మార్కెట్టుకు వద్దాం. ఇప్పటి ఖరీదైన ఫోన్లలో, కార్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్పులున్నాయి. రెండు నానోసెకన్ల పాటి సన్నని తాడనాలు, అంటే పల్సులు, పంపి దూరాన్ని సెంటీమీటర్లలో కొలుస్తాయి. 2020లో వచ్చిన ప్రమాణంలో ఆ తాడనాల వరసను రహస్యంగా కలగలిపే ఏర్పాటు చేర్చారు, ముందే ఊహించి పంపడానికి వీల్లేకుండా. కారు దొంగల సమస్య తీరిందన్నారు. 2022లో పాట్రిక్ లియూ, చాప్‌కున్ తదితరులు ఘోస్ట్ పీక్ అనే దాడిని ప్రకటించారు. సుమారు 65 డాలర్లు ఖర్చయ్యే, బజారులో దొరికే చిప్పులతో, 12 మీటర్ల దూరంలో ఉన్న యాపిల్ ఫోనును సున్నా దూరంలో ఉన్నట్టు చూపించారు. ప్రతిసారీ కాదు, నూటికి నాలుగు దాకా. తాళం మాటిమాటికీ ప్రయత్నించే వస్తువు కాబట్టి ఆ నాలుగు చిన్న సంఖ్య కాదు.

కాంతి వేగాన్ని ఎవరూ దాటలేదు. మరి ఏం జరిగింది? గదిలో సంకేతం గోడలకు కొట్టుకుని అనేక దారుల్లో వస్తుంది. అందులో మొట్టమొదట వచ్చిందే నేరుగా వచ్చింది. నేరు దారిలో మనిషి ఒళ్ళు అడ్డుపడితే అది చాలా సన్నగా ఉంటుంది. అందుకని రిసీవరు గోలలో కూడా చెవి రిక్కించి, ఏ చిన్న సవ్వడి ముందుగా వినిపించినా అదే మొదటిదనుకుంటుంది. దాడి చేసేవాడు ఏ రహస్యం తెలియకుండానే గుడ్డిగా తాడనాలు వేస్తాడు. ఒక్కోసారి ఒకటి తగులుతుంది. రిసీవరు దాన్ని తొలి అడుగుగా లెక్కిస్తుంది. భౌతిక నియమం చెక్కుచెదరలేదు. మోసపోయింది ఆ నియమాన్ని చదివే యంత్రం. ముందుగా వినాలన్న ఆత్రం, జాగ్రత్తగా వినాలన్న వివేకం రెండూ ఒకే మీటరు మీద రెండు కొసలు. ఎటు తిప్పాలో చెప్పే సమీకరణం పుస్తకంలో ఉండదు, చిప్పు తయారుచేసేవాడి అమ్మకాల లక్ష్యంలో ఉంటుంది.

ఇంత చెప్పాక, మన ఊళ్ళ సంగతి ఏమిటి? ముఖం చూసి, చోటు చూసి హాజరు వేసే యాప్‌లు బడుల్లో, ఆఫీసుల్లో వచ్చాయి. పంట నమోదులో పొలం లొకేషన్ అడుగుతున్నారు. వీటిలో నేను చూసినవన్నీ పరికరం వాంగ్మూలం మీదే ఆధారపడ్డాయి. చోటు నిజంగా తేలాలంటే కొలిచే యంత్రం ఆ చోటులోనే ఉండాలి. బడి గోడకు, పంచాయతీ ఆఫీసు గుమ్మానికి, గిడ్డంగి ద్వారానికి. జేబులోని ఫోను బదులిస్తే చాలు. ఖర్చుతో కూడిన పనే, అందుకే ఎక్కడ అవసరమో ఎంచుకోవాలి. కారు, ఆయుధాల గిడ్డంగి, నగదు పెట్టె, విమానం రన్‌వే: వీటికి కావాలి. రోజు కూలీ అడిగే మనిషికి ఇంత యంత్రాంగం కావాలా అంటే, నా అభిప్రాయంలో వద్దు. అక్కడ మోసం చేసేది సాధారణంగా కూలీ కాదు, మస్టరు రాసేవాడు. అతణ్ణి పట్టుకోవడానికి గ్రామసభలో మస్టరు గట్టిగా చదివే పాత పద్ధతి చాలు. అక్కడ సాక్షులు చోటులోనే ఉంటారు.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని ఇంజనీర్లు తరచుగా పక్కన పెడతారు. 2008లో రాస్ముసెన్, చాప్‌కున్ ఒక ఇబ్బందికరమైన విషయం చూపారు. అప్పటి డిస్టెన్స్ బౌండింగ్ పద్ధతుల్లో పక్కన నిశ్శబ్దంగా వింటూ కూర్చున్న మూడోవాడికి కూడా సంకేతాలు వచ్చిన వేళలను బట్టి దూరాలు తెలిసిపోతాయి. కొలిచేవాడి కోసం పెట్టిన కొలత, అడగనివాడి చేతికీ పోతోంది. దానికి మరమ్మతు కూడా వారే సూచించారు. కానీ కొలిచిన లెక్కలు ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్నవి ప్రోటోకాల్ లోపల తేలే ప్రశ్నలు కావు. ఆ సంగతి రాసుకోవాల్సింది టెండరు పత్రంలో.

నిజానికి ఈ విద్యకున్న ఒంటికాలి స్వభావం ఇక్కడ మనకు మేలు చేస్తుంది. తలుపు తీయడానికి నేను రెండు మీటర్లకు మించి లేనని తెలిస్తే చాలు. ఉదయం ఎక్కడున్నాను, సాయంత్రం ఎటు పోతాను అన్నది తలుపుకు అక్కర్లేదు. అక్షాంశ రేఖాంశాలు అడిగే యాప్ తనకు అవసరమైనదానికన్నా ఎంతో ఎక్కువ అడుగుతోంది, పైగా రుజువు లేనిదాన్ని అడుగుతోంది. హద్దు మాత్రమే అడిగే యంత్రం తక్కువ అడుగుతుంది, రుజువుతో అడుగుతుంది. 2024లో వచ్చిన బ్లూటూత్ 6.0 ప్రమాణంలో దూరం కొలిచే ఏర్పాటు చేరింది, వైఫైలోనూ రక్షణతో కూడిన దూరం కొలత ప్రమాణంగా వచ్చింది. రాబోయే ఏళ్ళలో చవక ఫోన్లకూ ఇవి దిగుతాయి. అప్పుడు హాజరు యాప్ టెండరు రాసే గుమస్తా ఒకరు, బహుశా ఈ హాల్లో కూర్చున్న విద్యార్థే కావచ్చు, "లొకేషన్" అన్న గడిలో ఏం రాయాలా అని కలం పట్టుకుని ఆగుతారు. అక్కడ అక్షాంశ రేఖాంశాలని కాకుండా, గుమ్మం నుంచి ఎన్ని మీటర్లు, కొలిచేది ఎవరి యంత్రం, లెక్క చెరిపేది ఎన్నో రోజున అని మూడు గళ్ళు గీయమని నా మనవి.